ఆరాధించే ఆటగాడే గురువుగా దొరకాలంటే: విశాఖ బేస్‌బాల్ పిల్లల కోసం

విశాఖలో పొద్దున్నే ఏ గ్రౌండ్‌కి వెళ్లినా క్రికెట్టే. ఒకరి పిచ్ మీద నుంచి ఇంకొకరి ఫీల్డర్ పరిగెడుతుంటాడు. ఆ గందరగోళంలో ఓ మూల గోడ పక్కన బేస్‌బాల్ గ్లవ్ తొడుక్కుని ఇద్దరు ముగ్గురు పిల్లలు బంతి విసురుకుంటూ కనిపిస్తారు. వాళ్ల ఫోన్ తెర మీద జపాన్ బేస్‌బాల్ స్టార్ షోహెయ్ ఒహ్తానీ బొమ్మ ఉంటుంది, లేదా జాతీయ పోటీల్లో ఆంధ్రా తరఫున ఆడిన ఓ సీనియర్ అన్నయ్యతో దిగిన ఫోటో ఉంటుంది. ఆ అన్నయ్య తనకి నేర్పితే బాగుండునని ప్రతి పిల్లాడికీ ఉంటుంది. ఎలా అడగాలో మాత్రం తెలియదు. సెల్ఫీ దిగి వచ్చేస్తాడు, లేదంటే రాత్రి పదకొండింటికి "సార్ నాకు నేర్పండి ప్లీజ్" అని మెసేజ్ పెట్టి, జవాబు రాకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

"నాకు నేర్పండి" అన్న మాటకి జవాబు చెప్పడం ఎవరికైనా కష్టం. ఏం నేర్పాలి, ఎన్నాళ్లు, ఎక్కడ, ఏమీ తెలియకుండా ఎంత మంచివాడైనా ఒప్పుకోలేడు. రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగే చిన్న ప్రశ్న అడిగితే దాదాపు ప్రతి ఆటగాడూ చెప్తాడు. ఆ జవాబుని మూడు వారాలు ఆచరించి, ఏం జరిగిందో వెనక్కి చెప్పిన పిల్లాడిని గుర్తుపెట్టుకుంటాడు. గురువు దొరికే దారి ఇదే. దీనికి ముందు చేయాల్సిన పని మాత్రం చాలా ఉంది.

ముందు మనిషిని ఎంచుకో

ఒహ్తానీ నీకు ఉత్తరం రాయడు. ఆయన దగ్గర నేర్చుకునేది ఏకలవ్య శిష్యరికమే. అదేమీ తక్కువది కాదు, పద్ధతిగా చెయ్యాలంతే. హైలైట్స్ వంద చూసేకంటే ఒకే పిచ్‌ని, అంటే బ్యాటర్‌కి పిచర్ వేసే ఒక్క విసురుని, ఇరవైసార్లు చూడు. మొదటి వారం ముందు కాలు నేల తాకే క్షణం దగ్గర వీడియో ఆపి, విసిరే చెయ్యి ఎక్కడుందో చూడు. రెండో వారం నడుము, భుజాల్లో ఏది ముందు తిరుగుతోందో చూడు. ఒకేసారి అన్నీ చూస్తే ఏదీ ఒంటబట్టదు.

ఆయన నుంచి ఇంకోటి కూడా తీసుకోవచ్చు. హనమాకి హిగాషి హైస్కూల్లో చేరిన మొదటి ఏడాదే ఒహ్తానీ 81 గళ్ల పట్టిక ఒకటి నింపాడు. మధ్య గడిలో పెద్ద లక్ష్యం, దాని చుట్టూ ఎనిమిది అవసరాలు, ఆ ఎనిమిదిలో ఒక్కోదానికి మళ్లీ ఎనిమిది పనులు. అందులో గంటకి 160 కిలోమీటర్ల వేగం ఉంది, నేల మీద చెత్త ఏరడం కూడా ఉంది. మన నోట్‌బుక్‌లో ఓ పేజీకి స్కేల్‌తో గళ్లు గీసుకుంటే చాలు. 64 పనులూ నింపలేక పెన్ను ఆగిపోయే చోట నీకు ఏం తెలియదో బయటపడుతుంది. గురువుని అడగాల్సిన ప్రశ్నలు ఆ ఖాళీ గళ్లలోనే ఉంటాయి.

నీకు నిజంగా జవాబిచ్చే మనిషి ఇంకా దగ్గర్లో ఉంటాడు. రాష్ట్ర జట్టుకి ఆడిన సీనియర్, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి వెళ్లొచ్చిన అన్నయ్య, ఇండియా క్యాంపు చూసొచ్చిన మహారాష్ట్ర, పంజాబ్ ఆటగాడు. అమ్మాయిలైతే సాఫ్ట్‌బాల్ సీనియర్లని కూడా లెక్కలో పెట్టుకోవాలి. పట్టడం, బేస్ మీద పరుగు, బ్యాటింగ్ చాలావరకు ఒకటే. పిచింగ్ మాత్రం వేరు, అక్కడ చెయ్యి కింద నుంచి వస్తుంది. ఈటె విసిరేవాళ్లని కూడా తీసిపారేయొద్దు. 2008లో అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకం చేయించుకున్న మన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ అంతకుముందు ఈటె విసిరేవాళ్లే. వాళ్లని తీర్చిదిద్దినది మాజీ పిచర్ టామ్ హౌస్.

ఎంచుకునేటప్పుడు ఆట స్థానం, చేతివాటం, శరీరం, ఈ మూడూ కలుస్తాయేమో చూసుకో. నువ్వు ఎడమచేతి పిచర్‌వైతే కుడిచేతి క్యాచర్ (పిచర్ వేసిన బంతి పట్టేవాడు) ఎంత గొప్పవాడైనా ఆయన చెప్పేది సగమే నీకు పనికొస్తుంది. పేరు చూసి కాదు, పోలిక చూసి వెళ్లు.

ఆరు వారాల నోట్‌బుక్

ఎవరినీ అడగకముందే ఆరు వారాల లెక్క నీ చేతిలో ఉండాలి. గురువు నీ ప్రతిభ కంటే ముందు దీన్నే చూస్తాడు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొను, రోజుకి ఒక పేజీ. పదిహేనేళ్ల కుర్రాడి పేజీ ఇలా ఉంటే సరిపోతుంది (ఫాస్ట్‌బాల్ అంటే వేగంగా వేసేది, ఛేంజప్ అంటే అదే ఊపుతో వేసినా నెమ్మదిగా వచ్చేది, స్ట్రైక్ అంటే ప్లేట్ మీదుగా సరైన ఎత్తులో పోయేది):

"జూన్ 12, సాయంత్రం 5.10. మొత్తం 42 పిచ్‌లు. ఫాస్ట్‌బాల్ 30, స్ట్రైకులు 17. ఛేంజప్ 12, స్ట్రైకులు 4. తప్పినవి 21: పైకి 12, కుడికి 6, మిగతావి 3. ముప్పై దాటాక పైకి పోవడం ఎక్కువైంది. మోచెయ్యి నొప్పి పదికి సున్నా, భుజం పదికి ఒకటి. రేపు విసరను."

ఈ పేజీ చూసిన పిచర్‌కి నువ్వు నోరు విప్పకుండానే సగం విషయం తెలిసిపోతుంది. బంతి పక్కలకంటే పైకే ఎక్కువ పోతోందంటే చెయ్యి ఆలస్యంగా వస్తోందేమో, లేదా ఒళ్లు అలిసి ముందుకి వంగడం మానేసిందేమో అని ఆయన వెంటనే అనుమానిస్తాడు.

స్ట్రైక్ లెక్క ఊహించి రాయొద్దు, కొలిచి రాయి. రెండు వెదురు కర్రలు 43 సెంటీమీటర్ల ఎడంతో పాతు. బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, అంటే అంతే. నేల నుంచి 45 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 105 దగ్గర ఒకటి అడ్డంగా పురికొస కట్టు. మీ వయసు బ్యాటర్ మోకాలి నుంచి ఛాతీ మధ్య వరకు సుమారుగా అంతే వస్తుంది. దాని వెనక వల కావాలి. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే వాడేసిన వలలు దొరుకుతాయి. బంతి అడ్డకొలత 7.3 సెంటీమీటర్లు కాబట్టి కన్ను నాలుగైదు సెంటీమీటర్లకి మించని వల చూసుకుని, రెండు పొరలుగా వదులుగా వేలాడదియ్యి. బిగించి కడితే బంతి తిరిగొచ్చి ముఖానికి తగులుతుంది.

పిచింగ్ దూరం 18.44 మీటర్లు, అంటే 60 అడుగుల 6 అంగుళాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి 14 మీటర్లు చాలు. చాలామంది అడుగులు వేసి కొలుస్తారు, అక్కడ మీటరు మీటరున్నర తేడా వస్తుంది. టేపు పెట్టే కొలవాలి.

వేగం కొలిచే రాడార్ గన్ మన దగ్గర దొరకడం కష్టం. ఫోన్ స్లో మోషన్‌తో దగ్గర దగ్గరగా తెలుసుకోవచ్చు. మౌండ్‌కీ (పిచర్ నిలబడే దిబ్బ) ప్లేట్‌కీ మధ్యలో పక్కకి పదిహేను మీటర్ల దూరాన స్టాండ్ మీద ఫోన్ పెట్టి, విసిరే చెయ్యీ ప్లేటూ రెండూ కనపడేలా 240 ఫ్రేముల్లో తియ్యి. బంతి వేళ్లు వదిలిన ఫ్రేము నుంచి ప్లేట్ దాటే ఫ్రేము వరకు లెక్కపెట్టు. పిచర్ ఒక పెద్ద అడుగు ముందుకి వచ్చి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణం సుమారు 16.8 మీటర్లు. 144 ఫ్రేములు వస్తే 0.6 సెకను, అంటే గంటకి దాదాపు 101 కిలోమీటర్లు. 120 వస్తే అర సెకను, దాదాపు 121. ఇది దారి మొత్తానికి సగటు వేగం. రాడార్ గన్ చెయ్యి వదిలిన దగ్గర కొలుస్తుంది కాబట్టి దాని అంకె కొంచెం ఎక్కువ ఉంటుంది. నువ్వు మాత్రం నీకు వచ్చిన అంకే రాసుకో. ఒక జాగ్రత్త: కొన్ని చవక ఫోన్లు 240 అని చూపించి 120 మాత్రమే తీస్తాయి. స్టాప్‌వాచ్‌ని ఓ సెకను వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే తెలిసిపోతుంది. ఈ పరీక్ష చేయకపోతే 101 ఉన్నవాడికి 202 వస్తుంది, ఆ అంకె సీనియర్‌కి పంపితే అక్కడితో నీ మాట మీద నమ్మకం పోతుంది.

బ్యాటర్లు, ఫీల్డర్లు హోమ్ నుంచి ఫస్ట్ బేస్‌కి పరుగు సమయం రాసుకోవాలి. దూరం 27.43 మీటర్లు. బ్యాట్‌కి బంతి తగిలిన శబ్దానికి వాచీ నొక్కి, కాలు బేస్ తాకగానే ఆపాలి. అమెరికా పెద్ద లీగుల్లో కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లు మామూలు. పోల్చుకుని బెంగపడడానికి కాదు, స్కౌట్ (జట్ల కోసం ఆటగాళ్లని వెతికేవాడు) ఏ అంకె చూస్తాడో తెలియడానికి చెప్తున్నాం.

వీడియో ఎలా తీయాలి

అరనిమిషం చాలు. వరసగా మూడు పిచ్‌లు, మధ్యలో కత్తిరించకుండా, వాటిలో ఒకటి చెడిపోయినదైనా ఉంచు. పాట పెట్టొద్దు. మంచివి మాత్రమే ఏరి పంపితే ఆయనకి సరిదిద్దడానికి ఏమీ కనిపించదు.

కుడిచేతి పిచర్ అయితే థర్డ్ బేస్ వైపు నుంచి తీయాలి, అప్పుడే ఛాతీ, రెండు చేతులూ కనపడతాయి. ఎడమచేతి వాళ్లకి ఫస్ట్ బేస్ వైపు. రెండో వీడియో పిచర్ వెనక నుంచి. ఫోన్ నడుము ఎత్తులో, స్టాండ్ మీద. తమ్ముడి చేతిలో పెడితే బంతి వెంట ఫోన్ తిప్పేస్తాడు, కావాల్సిన కాలు కనపడదు.

మన ఊళ్లో పొద్దుట సూర్యుడు సముద్రం మీంచి నేరుగా కంట్లో కొడతాడు. కెమెరా సముద్రానికి వీపు పెట్టి, సూర్యుడు దాని వెనక ఉండేలా చూసుకో. ఆర్కే బీచ్ ఇసుకలో వీడియో అందంగా వస్తుందని అక్కడ పిచింగ్ చేయొద్దు. ముందు కాలు ఇసుకలో కూరుకుపోతే ఒళ్లు సగంలో ఆగి, ఆ భారం అంతా చెయ్యి మోస్తుంది. ఉప్పుగాలికి బంతి తోలు కూడా పాడవుతుంది. బీచ్ రోడ్డు పొద్దున బండ్ల రాకపోకలు ఆపేసే వేళ పరుగుకి బాగుంటుంది, అక్కడికి అంతవరకే.

క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలైతే మూడు తప్పులు ముందే చూసుకుని వెళ్లాలి, లేకపోతే మొదటి జవాబు వాటికే ఖర్చయిపోతుంది. మోచెయ్యి బిగించి బౌలింగ్‌లా విసరడం మొదటిది. క్రికెట్‌లో మోచెయ్యి 15 డిగ్రీలకి మించి చాచితే తప్పు, బేస్‌బాల్‌లో వంచిన మోచెయ్యి చాచడమే విసురు. బ్యాట్ నేల దగ్గర నుంచి ఎత్తడం రెండోది, ఇక్కడ చేతులు భుజం పక్కన మొదలవుతాయి. కొట్టాక నిలబడి చూడడం మూడోది.

ఎదురుపడినప్పుడు

మనవాళ్లలో ఒక వరస ఉంది, దాన్ని దాటొద్దు. ముందు మీ స్కూల్ పీఈటీ మాస్టారికో కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌కో చెప్పు. ఆయన జిల్లా అసోసియేషన్ వాళ్లకి, వాళ్లు ఆటగాడికి. తిరుగుడు దారిలా అనిపించినా, "ఫలానా మాస్టారి శిష్యుడు" అన్న ఒక్క మాటతో అవతలి మనిషి నిన్ను నమ్ముతాడు. మాస్టారిని తప్పించి నేరుగా వెళ్తే, రేపు టీమ్ ఎంపికలో ఆ చేదు మిగులుతుంది.

మనుషులు దొరికేది పోటీల దగ్గరే. స్కూల్ గేమ్స్, జిల్లా, రాష్ట్ర పోటీలు, యూనివర్సిటీ ఎంపికలు. మ్యాచ్‌కి ముందు దగ్గరికి వెళ్లొద్దు. ఓడిన వెంటనే అసలు వెళ్లొద్దు. బ్యాట్లు, హెల్మెట్లు, క్యాచర్ సామాను సంచిలో సర్దే పది నిమిషాలే నీ సమయం. చెయ్యి వేసి సర్దడంలో సాయం చెయ్యి, ఆ తర్వాత అడుగు.

నిమిషంలో పూర్తి కావాలి. "నమస్తే అన్నయ్యా. నా పేరు ఫలానా, గాజువాక, పదిహేనేళ్లు, కుడిచేతి పిచర్ని. పీడీ సార్ మిమ్మల్ని కలవమన్నారు. ఒక్కటి అడగొచ్చా? ఛేంజప్ వేసేటప్పుడు బంతి అరచేతిలో ఎంత లోపలికి పెట్టుకుంటారు?" అని బంతి చేతికివ్వు. వయసులో బాగా పెద్దాయనైతే "సార్" అను. పదేళ్ల తేడా లోపే ఉంటే "అన్నయ్యా" అంటేనే దగ్గరగా ఉంటుంది.

బంతితో పాటు సన్న మొన ఉన్న పర్మనెంట్ మార్కర్ కూడా ఇవ్వు. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2008లో అమెరికా లీగ్ మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ గేమ్ దగ్గర రాయ్ హాలడే, కట్టర్‌కి (చివర్లో పక్కకి జరిగే ఫాస్ట్‌బాల్) పెట్టింది పేరైన మరియానో రివేరాని ఆ పట్టు చూపించమని అడిగాడు. రివేరా వేళ్లు ఎక్కడ ఆనాయో బంతి మీద పెన్నుతో గీసుకుని ఆ బంతిని తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇద్దరూ అప్పటికే పెద్ద పిచర్లు, పైగా వేరు వేరు జట్లు. అయినా ఒక్క ప్రశ్న, ఒక్క బంతి సరిపోయాయి.

అలాగే నువ్వూ ఆయన్ని పట్టు పట్టమని, వేళ్ల చుట్టూ గీత గియ్యి. చూపుడు వేలు, మధ్య వేలు కుట్టు మీద ఎక్కడ ఆనాయో, బొటనవేలు కింద ఎక్కడుందో, అరచేతికీ బంతికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు. ఆ ఖాళీ గీతలో రాదు కాబట్టి పక్క నుంచి ఒక ఫోటో అడిగి తీసుకో. ఇంటికొచ్చాక బంతిని నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి, బంతి పక్కన పెట్టెయ్యి, దాంతో ఆడితే గీతలు వారంలో పోతాయి. ఇంకో సంగతి, ఆయన చెయ్యి నీ చెయ్యి కంటే పెద్దది. ఆయన వేళ్ల ఎడం నీకు సరిపోదు, కుట్టుకి వేలు ఏ కోణంలో ఉందో అదే తీసుకో.

సెల్ఫీ అడగాలనిపిస్తే చివర అడుగు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే పిల్లల్ని సీనియర్లు చాలామందిని చూసి ఉంటారు. ఫోటో ముందు అడిగితే నిన్నూ ఆ లెక్కలో వేసేస్తారు.

మెసేజ్ రాసేటప్పుడు

కలిసే వీలు లేకపోతే మెసేజ్. పొద్దున తొమ్మిది తర్వాత, రాత్రి ఎనిమిదిలోపు. వాయిస్ మెసేజ్ వద్దు. ఇలా రాయొచ్చు:

"నమస్కారం సార్. నా పేరు ఫలానా, విశాఖపట్నం, వయసు 15. కుడిచేతి పిచర్‌ని, రెండేళ్లుగా ఆడుతున్నాను. మా పీడీ సార్ మీ నంబర్ ఇచ్చి రాయమన్నారు. ఆరు వారాల లెక్క చూస్తే నా ఫాస్ట్‌బాల్ తప్పినప్పుడు సగానికి పైగా పైకే పోతోంది. వీడియోలో ముందు కాలు నేల తాకేసరికి నా చెయ్యి ఇంకా నడుము దగ్గరే ఉంటోంది. గ్లవ్‌లోంచి చెయ్యి ముందుగా తీయాలా, కాలు ఎత్తడం నెమ్మదిగా చేయాలా? అరనిమిషం వీడియో, ఒక పేజీ ఫోటో పెడుతున్నాను. మీకు వీలున్నప్పుడు ఒక్క మాట చెప్పినా చాలు. ఇది మా నాన్నగారి నంబర్."

ఇందులో పొగడ్త లేదు, కిట్ అడగలేదు, స్పోర్ట్స్ కోటా సీటు ఊసు లేదు. రెండు దారుల్లో ఏదో ఒకటి చెప్తే చాలు అన్నట్టుంది కాబట్టి బస్సులో కూర్చుని కూడా ఆయన జవాబివ్వగలడు. వేరే రాష్ట్రం వాళ్లకైతే ఇదే విషయం తేలికైన హిందీలో రాయించుకో.

రెండు వారాలు ఆగు. జవాబు రాకపోతే ఒకే ఒక్కసారి గుర్తుచెయ్యి. అప్పటికీ రాకపోతే ఆ మనిషిని వదిలి రెండో మనిషికి రాయి. ఇద్దరికీ ఒకే రోజు ఒకే మెసేజ్ పంపొద్దు, ఈ ఆట చిన్నది, వాళ్లు ఒకరికొకరు చూపించుకుంటారు.

జవాబు వచ్చాకే అసలు పని

చాలామంది ఇక్కడే జారిపోతారు. "థాంక్యూ సార్" అని ఓ దండం బొమ్మ పెట్టి, మర్నాడే ఇంకో ప్రశ్న వేస్తారు. అలా చేయొద్దు. చెప్పిన ఒక్క విషయం మూడు వారాలు, వారానికి మూడు రోజులు చెయ్యి. ఆ మూడు వారాలూ ఇంకేదీ మార్చకు. పట్టూ మార్చి, కాలూ మార్చితే దేనివల్ల బాగుపడిందో నీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. తర్వాత ఇలా చెప్పు: "సార్, మీరన్నట్టు చెయ్యి ముందుగా తీస్తున్నాను. తొమ్మిది సార్లు విసిరాను. 30 ఫాస్ట్‌బాల్స్‌లో స్ట్రైకులు 17 ఉండేవి, ఇప్పుడు 20, 21 వస్తున్నాయి. ఛేంజప్ మాత్రం ఇదివరకటి కంటే చెడింది." చెడినది కూడా చెప్పడం ముఖ్యం. తర్వాతి పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది, ఈసారి నువ్వు అడగక్కర్లేదు, ఆయనే అడుగుతాడు.

మాట ఎంత చిన్నదైనా ఫలితం ఎంత దూరం పోతుందో చూడాలంటే జపాన్ వైపు చూడు. 1954లో టోక్యోలో పిల్లల ఆట చూస్తూ ఆగిన హిరోషి అరకావా అనే ప్రొఫెషనల్ ఆటగాడు, ఎడమ చేత్తో విసురుతూ కుడివైపు నిలబడి బ్యాట్ చేస్తున్న ఓ కుర్రాడిని, ఎడమవైపు నుంచి కొట్టి చూడమన్నాడు. ఆ కుర్రాడి పేరు సదహారు ఓ (ఓ అనేది ఇంటిపేరు). కొన్నేళ్లకి యోమియురి జెయింట్స్ జట్టులో చేరి తడబడుతుంటే, 1962లో అదే అరకావా బ్యాటింగ్ కోచ్‌గా వచ్చి ఒంటికాలి మీద నిలబడే పద్ధతి నేర్పాడు. సదహారు ఓ మొత్తం 868 హోమ్ రన్స్ (బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు.

మూడు వారాలకి ఒక మెసేజ్ చాలు. గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపొద్దు. ఆయన మాటల స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఆయనకి మ్యాచ్‌లున్న వారంలో ప్రశ్న వద్దు.

మీ కోచ్ సార్‌కి ప్రతి సలహా చెప్పి తీరాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లాడు రెండు చోట్లా చెడతాడు. ఇద్దరి మాటా కలవకపోతే మ్యాచ్ రోజు కోచ్ మాటే, ప్రాక్టీసులో మాత్రం రెండో మాట పరీక్షించొచ్చా అని ఆయన్నే అడుగు. పోటీలకి రెండు వారాల ముందు నుంచి ఏ కొత్త పట్టూ ముట్టుకోకు.

చెయ్యి నీది

ఆరాధించే మనిషి వంద విసరమన్నాడని వంద విసిరే పిల్లలున్నారు. ఆయన ఎముకలు పెరగడం ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది, నీవి ఇంకా పెరుగుతున్నాయి. మోచెయ్యి లోపలి వైపు ఎముక పెరిగే చోటు మెత్తగా ఉంటుంది, విసిరిన ప్రతిసారీ దాన్ని కండరం లాగుతుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన హద్దుల ప్రకారం మ్యాచ్ రోజు 11, 12 ఏళ్లకి 85, 13 నుంచి 16 ఏళ్ల వరకు 95 పిచ్‌లు గరిష్ఠం. 15, 16 ఏళ్ల వాళ్లు 31 నుంచి 45 వేస్తే ఒక రోజు, 60 వరకు రెండు, 75 వరకు మూడు, ఆపైన నాలుగు రోజులు విశ్రాంతి. 14 ఏళ్లు, అంతకు లోపు వాళ్లకి ఇంకా తక్కువకే విశ్రాంతి మొదలవుతుంది: 21 చేరితే ఒక రోజు, 36 చేరితే రెండు, 51 చేరితే మూడు, 66 చేరితే నాలుగు. ఈ అంకెలు నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకో. ఫాస్ట్‌బాల్, ఛేంజప్ కుదురుకోకముందు వంపు తిరిగే కర్వ్‌బాల్ జోలికి పోవద్దు, ఎవరు చెప్పినా సరే. ఒహ్తానీ అంతటివాడికి 2018లో, 2023లో రెండుసార్లు మోచెయ్యికి ఆపరేషన్ అయింది.

మోచెయ్యి లోపలి వైపు నొప్పి వస్తే ఆ రోజే ఆపు. స్ప్రే కొట్టి, పట్టీ చుట్టి కొనసాగించొద్దు. రెండు మూడు రోజుల్లో పోకపోతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఆర్థోపెడిక్స్ ఓపీలోనో, మీకు వీలైన ఎముకల డాక్టర్ దగ్గరో చూపించు. "బంతి విసిరే ఆట, రోజుకి ఇన్ని" అని నోట్‌బుక్ చూపించి చెప్పు. బేస్‌బాల్ అంటే డాక్టర్‌కి వెంటనే తట్టకపోవచ్చు.

అమ్మానాన్నలకి

పిల్లలు ఎవరితో మాట్లాడుతున్నారో మీకు తెలిసి తీరాలి. పద్దెనిమిది లోపు పిల్లల మెసేజ్‌లు మీ నంబర్ నుంచో, మీరు కూడా ఉన్న గ్రూపులోనో సాగనివ్వండి. ఒంటరిగా ఇంటికో, లాడ్జికో, ఊరు దాటో రమ్మంటే పంపొద్దు, గ్రౌండ్‌లో నలుగురి మధ్య కలవడమే పద్ధతి. మంచి సీనియర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు. "జట్టులో పేరు వేయిస్తా, ఇంత ఇవ్వండి", "సర్టిఫికెట్ ఇప్పిస్తా" అన్న మాట వినపడితే అక్కడితో ఆపెయ్యండి, ఎంత పెద్ద పేరున్నా సరే. గ్రౌండ్ ఫీజు, బంతుల ఖర్చు అడిగితే అది వేరు, దానికి రసీదు ఉంటుంది. పాత గ్లవ్ ఇస్తే తీసుకోండి, మీరై అడగొద్దు. ఇక్కడి తేమకి గ్లవ్ బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, మధ్యలో బంతి పెట్టి, గాలి తగిలేలా ఉంచాలి, ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టకూడదు.

గ్రౌండ్‌కి రమ్మన్న రోజు

రెండు మూడు సార్లు లెక్క చెప్పాక, "ఆదివారం గ్రౌండ్‌కి రా, చూస్తాను" అన్న మాట వస్తుంది. మే నెల ఉక్కలో అయితే ఆరింటికే మొదలుపెట్టేలా అడుగు. అక్టోబరు, నవంబరులో తుపాను వాన తరవాత గ్రౌండ్ జారుతుంది, ముందు రోజే వెళ్లి మౌండ్ దగ్గర నేల చూసి రా, తడిగా ఉంటే ఫోన్ చేసి చెప్పు. నోట్‌బుక్, గ్లవ్, మంచి బంతులు మూడు, టేపు, ఫోన్ స్టాండ్, రెండు లీటర్ల నీళ్లు, కొంచెం ఉప్పు పంచదార. క్యాచర్ పట్టే స్నేహితుడిని మాస్క్‌తో సహా వెంటబెట్టుకెళ్లు, లేకపోతే ఆయనే కూర్చుని పట్టాల్సి వస్తుంది. అరగంట ముందు చేరి, దూరం కొలిచి, ప్లేట్ పెట్టి, పది మీటర్ల నుంచి మొదలుపెట్టి పదిహేను, ఇరవై, ఇరవై ఏడు మీటర్లకి పెంచుతూ చెయ్యి వేడెక్కించి ఉంచు. ఆ విసుర్లు కూడా లెక్కలో రాసుకో. ఆయన గేటులోకి వచ్చేసరికి మొదటి పిచ్ వేయడానికి సిద్ధంగా ఉండాలి, ఆయన ఇచ్చిన గంట నీ వార్మప్‌కి పోకూడదు.